హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఎంత దూరం, ఎన్ని గంటలు? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరం?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం దాకా భూగోళం మీద అతి దగ్గర దారిలో కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. మైళ్లలో 8,950, నాటికల్ మైళ్లలో 7,780 దాకా. ఈ దారిలో ప్రయాణికుల విమానం ఏదీ నేరుగా వెళ్లదు కాబట్టి మీరు నిజంగా ప్రయాణించేది 15,400 నుంచి 16,800 కిలోమీటర్లు. ఎక్కడ దిగి మారతారన్న దాన్ని బట్టి ఈ అంకె మారుతుంది.

ప్రయాణానికి మొత్తం ఎంతసేపు పడుతుంది?

ఒకచోట విమానం మారితే వెళ్లేటప్పుడు 22 నుంచి 25 గంటలు, వచ్చేటప్పుడు 20 నుంచి 23 గంటలు. ఇందులో విమానంలో కూర్చునేది వెళ్లేటప్పుడు 20–21 గంటలు, వచ్చేటప్పుడు 18–19 గంటలు. మిగతాదంతా మధ్యలో ఆగే సమయం. టికెట్ సైట్లలో 30, 36 గంటలని కనిపిస్తే అక్కడ దూరం పెరగలేదు, లేఓవర్ పెరిగిందని అర్థం.

ఇంటి గడప నుంచి ఇంటి గడప దాకా లెక్కేస్తే 28–32 గంటలు అనుకోండి. కూకట్‌పల్లి నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్‌కు గంటకు పైగా పడుతుంది. విమానాశ్రయంలో మూడు నాలుగు గంటలు ముందుండాలి. అక్కడ దిగాక ఇమ్మిగ్రేషన్, సామాను, కారు ప్రయాణం కలిపి మరో రెండు గంటలు. విజయవాడ నుంచి రోడ్డు మీద వచ్చేవాళ్లు ఇంకో ఆరు గంటలు కలుపుకోవాలి.

నాన్‌స్టాప్ విమానం ఉందా?

లేదు. హైదరాబాద్ నుంచి అమెరికాకు మొదటి నాన్‌స్టాప్‌ను ఎయిరిండియా 2021 జనవరి 15న షికాగోకు మొదలుపెట్టింది. సుమారు 13,300 కిలోమీటర్ల ఆ దారిలో బోయింగ్ 777-200ఎల్‌ఆర్ విమానం నడిపారు. అది కొంతకాలమే నడిచి ఆగిపోయింది. డాలస్‌కు నేరుగా ఎప్పుడూ లేదు.

ఎందుకు లేదు? అంత దూరం ఎగిరే విమానాలు ఉన్నాయి కదా?

ఉన్నాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు ఎగిరే ఎయిర్‌బస్ ఏ350-900యూఎల్‌ఆర్ ఉంది, దాదాపు 19 గంటలు పడుతుంది. 14,400 కిలోమీటర్లు అసాధ్యమేమీ కాదు. కానీ అడ్డంకులు ఒకటి కాదు, నాలుగున్నాయి.

మొదటిది విమానం. అమెరికా దారుల్లో విరివిగా తిరిగే బోయింగ్ 777-300ఈఆర్ నిండా ప్రయాణికులతో వెళ్లగలిగేది దాదాపు 13,650 కిలోమీటర్లు. హైదరాబాద్–డాలస్ అంతకంటే ఎక్కువ. సీట్లు ఖాళీగా వదిలితేనో, సరుకు తగ్గిస్తేనో చేరవచ్చు కానీ డబ్బు రాదు. ఇలాంటి విమానం గంటకు ఏడెనిమిది టన్నుల ఇంధనం కాలుస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఆ ఇంధనాన్ని మోయడానికే మరింత ఇంధనం కావాలి. పదహారు గంటల తర్వాత అదనంగా ఎగిరే ప్రతి గంటా మామూలు గంట కంటే ఖరీదైనది అందుకే.

రెండోది హిమాలయాలు. హైదరాబాద్ నుంచి అతి దగ్గర దారి దాదాపు నేరుగా ఉత్తరానికి పోతుంది. ఢిల్లీ దగ్గరగా వెళ్లి, కారాకోరం పర్వతాల మీదుగా మధ్య ఆసియాలోకి దిగుతుంది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే విమానం వెంటనే పది వేల అడుగులకు దిగాలి. కింద ఇరవై వేల అడుగుల కొండలుంటే దిగేదెక్కడ? ప్రయాణికుల తల మీద వేలాడే ఆక్సిజన్ మాస్కులు చాలా విమానాల్లో పావుగంట, ఇరవై నిమిషాలకే సరిపోతాయి. అందుకని విమానాలు ఆ పర్వతాలను చుట్టి పోతాయి, లేదా తప్పించుకునే దారి ముందే గీసుకున్న కొద్ది మార్గాల్లోనే దాటతాయి.

మూడోది ఎవరి ఆకాశం ఎవరికి తెరిచి ఉందన్నది. 2022 ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో యూరప్, బ్రిటన్, అమెరికా విమాన సంస్థలకు రష్యా ఆకాశం మూతపడింది. 2025 ఏప్రిల్ 24 నుంచి భారత విమానాలకు పాకిస్తాన్ ఆకాశం మూసేశారు. అమెరికా సంస్థ అయితే రష్యా మీదుగా పోలేదు, మన సంస్థ అయితే పాకిస్తాన్ మీదుగా పోలేదు. ఇద్దరిలో ఎవరు నడిపినా చుట్టు తిరగాల్సిందే.

నాలుగోది, మధ్యలో ఏదైనా జరిగితే దిగే చోటు. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిరిండియా విమానం ఇంజిన్ సమస్యతో రష్యాలోని మగడాన్‌లో దిగింది. మరో విమానం వచ్చేదాకా రెండు వందలకు పైగా ప్రయాణికులు ఆ చిన్న ఊళ్లో తాత్కాలిక బసల్లో ఉండాల్సి వచ్చింది. ధ్రువ ప్రాంతం మీదుగా పోవాలంటే అలాంటి ఊళ్లలో జనాన్ని ఎలా ఉంచుతారు, ఎలా వెనక్కి తెస్తారు అన్న ప్రణాళిక ముందే రాసిపెట్టుకోవాలి.

దారి నిజంగా ఉత్తర ధ్రువం మీదుగా పోతుందా?

అతి దగ్గర దారి అయితే ధ్రువానికి దాదాపు 525 కిలోమీటర్ల దూరంలోంచి పోతుంది. కారణం రేఖాంశాలు. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పున, డాలస్ 97 డిగ్రీల పశ్చిమాన ఉన్నాయి. రెండూ కలిపితే 175 డిగ్రీలు, అంటే భూమికి ఇంచుమించు అటు పక్కా ఇటు పక్కా. ఇలా ఎదురెదురుగా ఉన్న రెండు ఊళ్లు ఉత్తరార్ధగోళంలోనే ఉంటే దగ్గర దారి పైనుంచే. గోడ మీది పటంలో అట్లాంటిక్ మీదుగా గీత గీస్తే అది దగ్గరగా కనిపిస్తుంది కానీ కాదు. గ్లోబు మీద రెండు చోట్లా దారం పట్టి బిగించి చూడండి, అదే పైకి జరుగుతుంది.

గల్ఫ్ నుంచి డాలస్ వెళ్లే విమానాలూ బాగా ఉత్తరంగానే పోతాయి. సీటు ముందున్న తెరలో గ్రీన్‌ల్యాండ్, ఉత్తర కెనడా కనిపిస్తే పైలట్ దారి తప్పాడని కంగారు పడనక్కర్లేదు. ఏ రోజుకా రోజు గాలులు, మూసిన ఆకాశాలు చూసుకుని దారి గీస్తారు. నిన్నటి విమానం పోయిన దారిలోనే ఇవాళ్టిది పోవాలని లేదు.

దూరం నేనే లెక్కవేసుకోవచ్చా?

సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటే చాలు. దాన్ని డిగ్రీ మోడ్‌లో పెట్టండి. రేడియన్ మోడ్‌లో ఉంటే చెత్త అంకెలు వస్తాయి.

శంషాబాద్: 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. డాలస్ ఫోర్ట్‌వర్త్: 32.90 ఉత్తరం, 97.04 పశ్చిమం.

ఒకటి తూర్పు, ఒకటి పశ్చిమం కాబట్టి రేఖాంశాలు కూడాలి: 175.47. రెండు అక్షాంశాల సైన్లు గుణించండి: 0.2964 × 0.5432 = 0.1610. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్లను, రేఖాంశాల మొత్తం కొసైన్‌ను గుణించండి: 0.9551 × 0.8396 × (−0.9969) = −0.7994. ఈ రెండు ఫలితాలూ కలిపితే −0.6384. దీని విలోమ కొసైన్ (కాలిక్యులేటర్‌లో cos⁻¹ మీట) 129.67 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీకి 111.19 కిలోమీటర్లు. గుణిస్తే 14,418.

ఎక్కువమంది తప్పేది రేఖాంశాల దగ్గరే. కూడాల్సింది పోయి తీసివేస్తే 2,550 కిలోమీటర్లు వస్తుంది. విచిత్రంగా అది హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఉన్న దూరం.

ఒక్కో సైట్ ఒక్కో అంకె చూపిస్తుందేం?

పది, ఇరవై కిలోమీటర్ల తేడా అయితే పట్టించుకోకండి. ఒకరు నగరం నడిబొడ్డు నుంచి కొలుస్తారు, ఒకరు విమానాశ్రయం నుంచి. ఒకరు భూమిని గుండ్రటి బంతి అనుకుంటారు, ఒకరు ధ్రువాల దగ్గర నొక్కుకున్న అసలు ఆకారం తీసుకుంటారు.

13,350 దగ్గర అంకె కనిపిస్తే మాత్రం ఆ సైట్ పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్‌ను పట్టుకుంది. ఇది తరచూ జరిగేదే. అలాగే 9,000 దగ్గర కనిపిస్తే అవి మైళ్లు. 7,800 దగ్గరైతే నాటికల్ మైళ్లు. కొన్ని సైట్లు "విమాన సమయం 16 గంటలు" అని రాస్తాయి. అది దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగించి వేసిన ఊహ, అలాంటి విమానం ఉందని కాదు.

విమానాశ్రయం కోడ్ కూడా చూసుకోండి. డీఎఫ్‌డబ్ల్యూ అంటే డాలస్ ఫోర్ట్‌వర్త్, మనకు కావలసింది. డీఏఎల్ అంటే డాలస్ లవ్ ఫీల్డ్, ఊరి మధ్యలో ఉన్న దేశీయ విమానాశ్రయం. మన హైదరాబాద్ కోడ్ హెచ్‌వైడీ, సింధ్ హైదరాబాద్‌ది హెచ్‌డీడీ.

ఏ దారిలో వెళ్తే ఎంత దూరం, ఎంత సమయం?

దుబాయ్ మీదుగా: మొదటి విమానం 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటల లోపు. రెండోది 12,940 కిలోమీటర్లు, 16 గంటలు లేదా కాస్త ఎక్కువ. మొత్తం 15,490.

దోహా మీదుగా: 2,920, తర్వాత 12,760. మొత్తం 15,680. మొదటిది నాలుగుంపావు గంటల పైన, రెండోది 16 గంటల దగ్గర.

లండన్ మీదుగా: 7,760, తర్వాత 7,630. మొత్తం 15,390. రెండూ చెరో పది, పదిన్నర గంటలు.

ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా: 7,120, తర్వాత 8,260. మొత్తం 15,380. మొదటిది తొమ్మిది గంటల పైన, రెండోది పదకొండు గంటల దగ్గర.

హాంకాంగ్ మీదుగా: 3,750, తర్వాత 13,070. మొత్తం 16,820. తూర్పు వైపు వెళ్లడం వల్ల పసిఫిక్ మీద గాలి తోడొస్తుంది కాబట్టి దూరం ఎక్కువైనా సమయం అంతగా పెరగదు. గల్ఫ్ ఆకాశంలో ఉద్రిక్తతలున్నప్పుడు ఈ దారి గుర్తుంచుకోవడం మంచిది.

ఒక సంగతి గమనించండి. చుట్టుదారి అనుకునే దుబాయ్ మజిలీ నేరు దూరానికి కలిపేది వెయ్యి పైచిలుకు కిలోమీటర్లే, అంటే ఏడెనిమిది శాతం. కాబట్టి పశ్చిమ దారుల్లో ఏది దగ్గర అని కొట్టుకోవడం దండగ. నిర్ణయించాల్సింది రెండు విషయాలు: మధ్యలో ఎంతసేపు ఆగుతారు, ఏకబిగిన ఎన్ని గంటలు కూర్చోగలరు. పదహారు గంటల గల్ఫ్ విమానం కంటే యూరప్ మీదుగా పది, పది గంటలుగా విడగొట్టుకుంటే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు హాయిగా ఉంటుంది. మొదటి నాలుగు గంటలు మేలుకుని తర్వాత పది గంటలు నిద్రపోగలిగే కుర్రాళ్లకు గల్ఫే మేలు.

వెళ్లేటప్పటి కంటే వచ్చేటప్పుడు తక్కువ సమయం ఎందుకు?

పైన, ముప్ఫై నలభై వేల అడుగుల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. గంటకు 150, 200 కిలోమీటర్లు మామూలే. చలికాలంలో ఇంకా ఎక్కువ. అమెరికా నుంచి వచ్చేటప్పుడు ఇది వెనక నుంచి నెడుతుంది, వెళ్లేటప్పుడు ఎదురొస్తుంది. దుబాయ్–డాలస్ 16 గంటలైతే డాలస్–దుబాయ్ పదిహేను గంటల లోపే. దుబాయ్–హైదరాబాద్ మూడున్నర గంటల లోపు.

వెళ్లేటప్పుడు విమానాలు మరీ ఉత్తరంగా పోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి: ఎదురుగాలిని తప్పించుకోవడం. చలికాలంలో ధ్రువం దగ్గర ఇంకో చిక్కుంది. జెట్ ఏ-1 ఇంధనం −47 డిగ్రీల దగ్గర, అమెరికాలో వాడే జెట్ ఏ −40 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. రెక్కల్లోని ఇంధనం మరీ చల్లబడితే పైలట్లు ఎత్తు తగ్గించుకోవడమో, వేగం పెంచుకోవడమో చేస్తారు.

టికెట్ మీద రాసిన సమయం గాలిలో ఉండే సమయమేనా?

కాదు. గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అక్కడ గేటు చేరేదాకా. ఇందులో నేల మీద దొర్లే సమయమూ ఉంటుంది. డాలస్ విమానాశ్రయం దాదాపు 70 చదరపు కిలోమీటర్లు, ఏడు రన్‌వేలు. దిగాక గేటు చేరడానికే పావుగంట పట్టవచ్చు. విమాన సంస్థలు కాస్త ఎక్కువే రాసుకుంటాయి కూడా, అందుకే అరగంట ఆలస్యంగా బయల్దేరినా వేళకే చేరిపోతుంటాయి.

డాలస్‌కూ మనకూ కాలం తేడా ఎంత?

చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు. మనమే ముందుంటాం. మనకు గడియారం మార్చే పద్ధతి లేదు. వాళ్లు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. 2026లో ఆ తేదీలు మార్చి 8, నవంబరు 1.

అక్కడ ఏకాదశో, పౌర్ణమో మన కంటే ఒకరోజు ముందు తేదీన పడటానికీ ఇదే కారణం. తిథి ఒకే క్షణాన మొదలవుతుంది కానీ అప్పటికి వాళ్ల క్యాలెండర్ ఇంకా నిన్నట్లోనే ఉంటుంది.

బయల్దేరిన రోజే చేరిపోతామా?

చాలాసార్లు అవును. జనవరి 10 తెల్లవారుజామున 4 గంటలకు హైదరాబాద్‌లో ఎక్కారనుకుందాం. ప్రయాణం మొత్తం 23 గంటలు. మన లెక్కలో 11వ తేదీ తెల్లవారుజామున 3 గంటలు. అందులోంచి పదకొండున్నర తీసేస్తే డాలస్‌లో 10వ తేదీ మధ్యాహ్నం 3:30. అదే జూలైలో అయితే సాయంత్రం 4:30.

తిరిగొచ్చేటప్పుడు ఉల్టా. జనవరి 10 సాయంత్రం 5 గంటలకు డాలస్‌లో ఎక్కి 21 గంటల 30 నిమిషాలు ప్రయాణిస్తే అక్కడి లెక్కలో 11వ తేదీ మధ్యాహ్నం 2:30. పదకొండున్నర కలిపితే హైదరాబాద్‌లో 12వ తేదీ తెల్లవారుజామున 2 గంటలు. టికెట్ మీద చేరే సమయం పక్కన "+2" అని చిన్నగా ఉంటుంది. అది చూడకుండా 11న పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఇబ్బంది పడతారు.

టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి స్థానిక సమయమే. మళ్లీ కలపడం, తీసివేయడం అక్కర్లేదు.

ఇంకో జాగ్రత్త: మన దగ్గర అమెరికా విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే బయల్దేరతాయి. 10వ తేదీ 4 గంటలంటే 9వ తేదీ రాత్రి భోంచేసి బయల్దేరాలి. 10వ తేదీ రాత్రి విమానాశ్రయానికి వెళ్తే విమానం వెళ్లిపోయి ఇరవై గంటలవుతుంది.

మధ్యలో ఎంత లేఓవర్ ఉండాలి?

ఒకే టికెట్ మీద, ఒకే సంస్థ విమానాలైతే గల్ఫ్‌లో రెండు గంటలు చాలు, రెండున్నర అయితే నిశ్చింత. అమెరికా వెళ్లే విమానం గేటు దగ్గర మళ్లీ తనిఖీ ఉంటుంది కాబట్టి బయల్దేరే గంట ముందే అక్కడుండాలి. గంటంపావు లేఓవర్ చూపించే టికెట్లూ అమ్ముతారు కానీ హైదరాబాద్‌లో పొగమంచుకు నలభై నిమిషాలు ఆలస్యమైతే గుండె దడ తప్పదు. వీల్‌చైర్ తీసుకునే అమ్మానాన్నలకు మూడు, నాలుగు గంటలు పెట్టండి. వీల్‌చైర్ సిబ్బంది ఒక్కొక్కరినే తీసుకెళ్లరు, పదిమందిని కూర్చోబెట్టి వంతులవారీగా కదుపుతారు.

న్యూయార్క్, షికాగో లాంటి అమెరికా నగరంలో మారి డాలస్ వెళ్లే టికెట్ అయితే మూడు గంటలకు తక్కువ వద్దు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్ అవుతుంది. సామాను బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, మళ్లీ సెక్యూరిటీ దాటాలి. సామాను డాలస్ దాకా ట్యాగ్ చేశారు కదా అని తీసుకోకుండా వచ్చేస్తే పెట్టెలు అక్కడే ఉండిపోతాయి. దుబాయ్, దోహా, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నేరుగా డాలస్ వస్తే ఈ తతంగమంతా డాలస్‌లోనే, ఆఖరున.

అబుదాబి మీదుగా వెళ్తే ఇంకో పద్ధతి. అమెరికా ఇమ్మిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది. అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లా దిగుతారు. ఆ వరుస కోసం అబుదాబిలో మూడు గంటలు చేతిలో ఉంచుకోండి.

రెండు వేర్వేరు టికెట్లు కొంటే చవక అంటున్నారు. కొనవచ్చా?

చవకే. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో సంస్థకు ఏ బాధ్యతా ఉండదు, కొత్త టికెట్ మీరే కొనాలి. సామాను మధ్యలో తీసుకోవాల్సి వస్తే ఆ దేశంలోకి వెళ్లే వీసా కావాలి. సామాను కొలతలు కూడా మారిపోతాయి: అమెరికా టికెట్‌కు 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తే, విడిగా కొన్న మొదటి టికెట్‌కు అంతకంటే తక్కువ ఇచ్చే అవకాశం ఎక్కువ. మొదటిసారి వెళ్లే విద్యార్థులకు, పెద్దవాళ్లకు వద్దే వద్దు.

ట్రాన్సిట్ వీసా కావాలా?

దుబాయ్, దోహాలలో విమానాశ్రయం దాటి బయటికి వెళ్లకపోతే అక్కర్లేదు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే సాధారణంగా ఇబ్బంది లేదు.

చిక్కు తిరుగు ప్రయాణంలో వస్తుంది. అమెరికాలో హెచ్-1బీ పొడిగింపు కాగితం ఉండి, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు తీరిపోయినవాళ్లు యూరప్ మీదుగా టికెట్ కొనేసి, చెక్‌ఇన్ కౌంటర్ దగ్గర ఆగిపోతుంటారు. ఆ దేశాల నిబంధనలు మారుతుంటాయి కూడా. కొనకముందే ఆ దేశపు ఎంబసీ సైట్‌లో చూసుకోండి. స్టాంపు తీరిపోయినవాళ్లకు గల్ఫ్ దారి తలనొప్పి లేనిది.

పొడులు, పచ్చళ్లు చేతి సంచిలో పెట్టుకోవచ్చా?

దూరానికీ దీనికీ సంబంధం లేదనిపిస్తుంది కానీ లేఓవర్ తప్పిపోయే కారణాల్లో ఇదొకటి. అమెరికా వెళ్లే చివరి విమానం ఎక్కే ముందు 350 మిల్లీలీటర్లకు మించిన పొడులను విడిగా తనిఖీ చేస్తారు, తేల్చలేకపోతే తీసేస్తారు. కందిపొడి, కారప్పొడి, ప్రొటీన్ పొడి అన్నీ దీని కిందికే వస్తాయి. కాబట్టి చెక్‌ఇన్ పెట్టెలో పెట్టండి. పచ్చడి, నెయ్యి ద్రవాల లెక్కలోకి వస్తాయి, 100 మిల్లీలీటర్లు దాటితే చేతి సంచిలో కుదరదు. ఎండుకొబ్బరి చెక్‌ఇన్ సామానులో వద్దంటారు, నూనె వల్ల నిప్పంటుకునే సరుకు కింద లెక్క. మాంసం పచ్చళ్లు, పండ్లు, విత్తనాలు అమెరికా కస్టమ్స్ దగ్గర ఆగిపోతాయి. తిండి సరుకు ఉందా అని అడిగితే ఉందనే చెప్పండి. ఉండి లేదంటే జరిమానా.

పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే. ఎమిరేట్స్ విమానాల్లో 2025 అక్టోబరు 1 నుంచి ఒక్కటి వెంట ఉంచుకోవచ్చు కానీ వాడకూడదు. ఫోన్ ముందే నింపుకోండి.

బీపీ, షుగర్ మందులు ఏ టైమ్ ప్రకారం వేసుకోవాలి?

విమానంలో ఉన్నంతసేపు చేతి గడియారం హైదరాబాద్ సమయంలోనే ఉంచి, అలవాటైన గంటల ఎడంతో వేసుకోవడం తేలిక. డాలస్ చేరాక మార్చుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం మోతాదు సంగతి ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. మందులన్నీ అసలు పట్టీల్లోనే, చీటీతో పాటు, చేతి సంచిలో ఉండాలి. పెట్టె రెండు రోజులు ఆలస్యంగా రావడం అరుదేమీ కాదు.

పదహారు గంటల విమానంలో రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. అంతసేపు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

విశాఖ, విజయవాడ నుంచి ఎలా?

శంషాబాద్‌లో దేశీయ, అంతర్జాతీయ విమానాలు రెండూ ఒకే టెర్మినల్. విమానంలో విశాఖ నుంచి గంటంపావు, గన్నవరం నుంచి గంట. ఒకే టికెట్‌గా దొరికితే సామాను నేరుగా డాలస్ పోతుంది. విడిగా కొంటే శంషాబాద్‌లో పెట్టెలు తీసుకుని మళ్లీ చెక్‌ఇన్ చేయాలి, కనీసం ఐదు గంటల ఎడం పెట్టుకోండి. విజయవాడ నుంచి హైవే మీద ఐదారు గంటలు. సంక్రాంతి, దసరా రోజుల్లో ఆ లెక్క నమ్మకండి.

డాలస్‌లో దిగాక బయటికి రావడానికి ఎంతసేపు?

అంతర్జాతీయ విమానాలకు ప్రధాన టెర్మినల్ డి. ఇమ్మిగ్రేషన్ వరుస అరగంట కావచ్చు, రెండు గంటలూ కావచ్చు. గల్ఫ్, యూరప్ విమానాలు రెండు మూడు ఒకేసారి దిగితే పొడవు పెరుగుతుంది. ఆగస్టులో విద్యార్థుల రద్దీ. ఐ-20 (విద్యార్థులకు కాలేజీ ఇచ్చే పత్రం), ఆఫర్ లెటర్ లాంటి కాగితాలు చెక్‌ఇన్ పెట్టెలో పెడితే అక్కడ చూపించలేరు.

శివారు ఊళ్లలో అర్వింగ్ విమానాశ్రయం పక్కనే. ప్లేనో, ఫ్రిస్కో ముప్పై ఐదు, నలభై కిలోమీటర్లు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ గంట పడుతుంది.

ఇంట్లోవాళ్లు విమానం ఎక్కడుందో ఎలా చూడాలి?

టికెట్ మీదున్న రెండో విమానం నంబరు తీసుకుని ఫ్లైట్‌రాడార్24 లాంటి సైట్‌లో వెతకండి. ధ్రువ ప్రాంతం, సముద్రం మీద ఉన్నప్పుడు గుర్తు కనిపించకుండా పోవచ్చు, లేదా ఊహించిన చోట చుక్కల గీతగా కనిపించవచ్చు. కింద సిగ్నల్ అందుకునే రిసీవర్లు లేకపోవడమే కారణం, భయపడాల్సిందేమీ లేదు. కెనడా దాటాక మళ్లీ కనిపిస్తుంది. అదే నంబరుతో రోజూ విమానం ఉంటుంది కాబట్టి తేదీ చూసుకోండి, నిన్నటి విమానం దిగిందని చూసి ఇవాళ్టి వాళ్ల కోసం కారు తీసేవాళ్లూ ఉన్నారు. చేరే సమయం డాలస్ లెక్కలో చూపిస్తున్నారా, మీ ఫోన్ లెక్కలోనా అన్నది సెట్టింగ్స్‌లో ఉంటుంది. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు విమానం దిగిన గంటకు ఇంటి దగ్గర బయల్దేరినా సరిపోతుంది.